పికిలిపిట్ట ఇంట్లో ఎవరో ఉన్నారు

హన్మకొండలోని ఆ పరిశోధనశాలలో ఒక చిన్న గది, గదిలో ఒక కుర్చీ, కుర్చీ ఎదురుగా రెండు దీపాలు. ఎర్ర దీపం వెలిగిందంటే మణికట్టు మీద చురుక్కుమని కరెంటు తగులుతుంది, తప్పదు. పసుపు దీపం వెలిగితే తగలవచ్చు, తగలకపోవచ్చు. ప్రయోగానికి ఒప్పుకుని వచ్చిన వాళ్ళలో మొగిలి అని ఒక ఆటో డ్రైవరున్నాడు. ఎర్ర దీపం వెలిగినంతసేపూ పాన్ నములుతూ నవ్వుకుంటూ కూర్చున్న మనిషి, పసుపు దీపం వెలగగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"కొట్టేదేదో కొట్టెయ్ మేడమ్. గా పసుపు లైటు మాత్రం పెట్టకు. పానం గుంజుతున్నది," అన్నాడు.

డాక్టర్ రజిత పడి పడి నవ్వింది. ఏళ్ళ తరబడి ఆమె వ్యాసాల్లో చెబుతున్నది సరిగ్గా ఇదే మరి. దెబ్బ తగిలినప్పుడు ఉలిక్కిపడేది మెదడులో ఒక చోటు. దెబ్బ తగులుతుందేమోనని కాచుకుని కూర్చునేది వేరే చోటు, మెదడు అడుగున చిన్న గింజంత ఉంటుంది. మనిషిని తినేసేది ఆ రెండోదే. దెబ్బకి ముగింపు ఉంటుంది, కాచుకోవడానికి ఉండదు.

ఆ గింజంత చోటు సంగతి బయటినుంచే కనిపెట్టే పట్టీని రజిత తయారుచేసింది. ఆడపిల్లలు తలకు పెట్టుకునే హెయిర్‌బ్యాండులా ఉంటుంది. గుబులు లేస్తే తెర మీద గీత లేస్తుంది, అణిగితే అణుగుతుంది. అంతేకాదు, మీట నొక్కితే చెవికి వినపడని ధ్వని పంపి ఆ గుబులును ఓ అరగంటపాటు పూర్తిగా నిద్రపుచ్చుతుంది. కాగితాల మీద దాని పేరు బారెడు పొడవు. పనిచేసే వాళ్ళంతా గుబులు పట్టీ అనేవారు.

పెద్దవాళ్ళ మీద పని అయిపోయింది, ఇక పిల్లల వంతు. పిల్లలకు కరెంటు పెట్టేవాళ్ళెవరుంటారు? సాయంత్రాలు ఇంట్లో పట్టీ పెట్టుకుని మామూలుగా ఆడుకోమన్నారు, చదువుకోమన్నారు. మాటలు రికార్డు కావు, అది నియమం. చప్పుడు ఎప్పుడైంది, ఎంత అయింది, ఏ వైపు నుంచి అయింది అన్నది మాత్రం గుబులు గీత కిందే ఇంకో గీతగా పడుతుంది. పిల్లల పేర్లు ఎవరికీ తెలియకూడదని ఫర్హానా వాళ్ళకు పిట్టల పేర్లు పెట్టింది. ఫర్హానా రజిత దగ్గర పనిచేసే పరిశోధక విద్యార్థిని. ఏ పిట్ట ఎవరి పిల్లో ఆమె ఒక్కదానికే తెలుసు.

"మా అభిజ్ఞను కూడా చేర్చుకో," అంది రజిత ఆమెతో. "భయమంటే తెలియని పిల్ల ఒకతైనా ఉండాలి గదా, పోల్చి చూసుకోవడానికి."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో ఉన్నది గర్వమే. దాచుకోవాల్సిన గర్వమని కూడా ఆమె అనుకోలేదు. రజిత తండ్రి బడిపంతులు. చదువు ఒప్పచెప్పించుకునేటప్పుడు రూళ్ళకర్ర పక్కన పెట్టుకుని కూర్చునేవాడు, తప్పుకొక దెబ్బ. ఎముక మీద పడే ఆ దెబ్బలు తిని పెరిగిన పిల్ల, తనకు బిడ్డ పుడితే చెయ్యి ఎత్తనని, గొంతు పెంచనని ఒట్టు పెట్టుకుంది. ఒట్టు నిలబెట్టుకుంది కూడా. అభిజ్ఞ ఐదో తరగతికి వచ్చింది, ఇంతవరకు తల్లి చేతి దెబ్బ ఎరగదు.

ఒప్పచెప్పించుకోవడం మాత్రం మానలేదు. రోజూ సాయంత్రం రజిత వంటింటి గడప దగ్గర పీట వేసుకుని కూరగాయలు ముందేసుకునేది. అభిజ్ఞ పుస్తకం తల్లి పక్కన పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని ఎదురుగా నిలబడేది.

"ఉపనదులు చెప్పు."

"గోదావరి ఉపనదులు మంజీర..."

"ఊఁ."

"ప్రాణహిత..."

"ఊఁ."

"ఇంద్రావతి, మూసీ..."

రజిత చిక్కుడుకాయకు పీచు తీస్తూనే ఉండేది. తల ఎత్తేది కాదు, తప్పని చెప్పేది కాదు. ఊఁ కొట్టేది కాదు, అంతే. తప్పేదో పిల్ల తనంతట తనే పట్టుకోవాలని ఆమె పద్ధతి. ఎంతసేపైనా సరే ఆగేది. పీచు తీసిన కాయలు గిన్నెలో ఒక్కొక్కటే పడుతుంటే పిల్ల గోదావరిలోంచి మూసీని తీసేసి శబరిని తెచ్చుకునేది. అప్పుడు "ఊఁ" వినపడేది. కేకలు లేవు, కన్నీళ్ళు లేవు. ఎంత నెమ్మదైన ఇల్లో చూడండని రజిత వచ్చినవాళ్ళకు చెప్పకనే చెప్పేది.

నెల తిరిగేసరికి పిల్లల గీతలన్నీ వచ్చాయి. సమావేశానికి సంస్థ డైరెక్టరు దామోదర్‌ గారు కూడా వచ్చి కూర్చున్నారు. గోరింక గీత చెరువు నీళ్ళలా సమంగా ఉంది. అది చూసి రజిత లోలోపల మురిసిపోయింది, ఇది మా పిల్లదే అయి ఉంటుందని. అందరికంటే చివర తెరమీదకు పికిలిపిట్ట గీత వచ్చింది.

రజిత లేచి తెర దగ్గరికి వెళ్ళింది. గీతలు చదవడంలో ఆమెను మించినవాళ్ళు ఆ గదిలో లేరు.

"సాయంత్రం కాకముందే లేస్తున్నది చూడండి, ఇంకా ఏమీ జరగనే లేదు," అంది. "ఇదిగో, ఇక్కడ పిల్ల మాట్లాడింది. ఆగింది. ఎదుటి మనిషి దగ్గర్నుంచి ఏదో చిన్న చప్పుడు. గుబులు దిగింది. పిల్ల మళ్ళీ మాట్లాడింది. ఈసారి ఎదుటినుంచి చప్పుడు లేదు. ఇక చూడండి, ఎట్లా ఎక్కుతున్నదో. ఎక్కుతూనే ఉంది. మొగిలి పసుపు దీపానికి కూడా ఇంత ఎక్కలేదు."

"అంటే ఏమనుకోవాలె?" అడిగారు దామోదర్.

"కొట్టేవాడు ఎదురుగా నిలబడి, కొట్టకుండా ఆడుకుంటున్నాడు సార్. ఎప్పుడు కొడతాడో తెలియక ఆ పిల్ల నిలువునా చస్తున్నది. రోజూ ఇదే." తన తండ్రి రూళ్ళకర్ర ఆమె కళ్ళ ముందు ఆడింది. "ఆ ఇంట్లో ఉన్నది మనిషి కాదు. పిల్లల సంరక్షణ అధికారులకు ఇవాళే చెప్పాలి. పేరు చెప్పు ఫర్హానా."

మీకు ఎప్పుడో అర్థమైపోయి ఉంటుంది. ఇంత తెలివిగల మనిషికి అర్థం కాకపోవడమేమిటని మీరు అడగవచ్చు. అడగండి, తప్పులేదు. కానీ ఎవరికి వాళ్ళం మన ఇంటి సంగతి ఎదుటివాళ్ళ తెర మీద చూసి గుర్తుపట్టగలమా అన్నది కూడా కాస్త ఆలోచించండి.

ఫర్హానా తల దించుకుని కూర్చుంది. "మేడమ్, ఒకసారి బయటికి రండి," అంది.

"బయటికెందుకు, ఇక్కడే చెప్పు."

"పేర్లు అందరి ముందు వద్దులెండి," అన్నారు దామోదర్.

వరండాలో మంచినీళ్ళ ఫిల్టరు దగ్గర నిలబడి ఫర్హానా ఎవరూ వినడం లేదని రెండుసార్లు చూసుకుంది. చివరికి "అభిజ్ఞ, మేడమ్," అంది.

"అభిజ్ఞ గోరింక గదా?"

"గోరింక మా ఆపా, అదే మా అక్క కొడుకు."

రజితకు తల కొట్టేసినట్టయింది. అంతలోనే ఒక ఆలోచన వచ్చింది. సంపత్ కొడుతున్నాడేమో. తాను లేనప్పుడు భర్త కొడుతున్నాడేమో. ఆ అనుమానం రాగానే ఆమెకు ఊపిరి కాస్త తేలికగా ఆడింది. అలా ఆడినందుకు తర్వాత ఆమె ఎన్నిసార్లు సిగ్గుపడిందో లెక్కలేదు. సంపత్‌కు చౌరస్తాలో కళ్ళద్దాల దుకాణముంది. సాయంత్రాలు అతను ఇంట్లోనే ఉండడు. ఆ వేళ ఇంట్లో ఉండేది పిల్ల, తను, కూరగాయలు. ఎదుటినుంచి వచ్చే ఆ చిన్న చప్పుడేమిటో అప్పుడు తెలిసింది. అది "ఊఁ".

ఆ ఇంట్లో ఉన్నది మనిషి కాదని తన నోటితోనే అంది, పదిమంది ముందు. లోపలికి మళ్ళీ వెళ్ళి కూర్చోవడానికి మొహం చెల్లలేదు. తలనొప్పిగా ఉందని కబురు పంపి ఇంటికి వచ్చేసింది.

ఆ సాయంత్రం పీట వేసుకుంది కానీ కూరగాయలు తెచ్చుకోలేదు. ఇక ఊఁ ఆపేదే లేదని తీర్మానించుకుంది. అభిజ్ఞ కృష్ణ ఉపనదులు అందుకుంది. భీమ అంది, ఊఁ. తుంగభద్ర అంది, ఊఁ. మంజీర అంది.

"ఊఁ," అంది రజిత.

అభిజ్ఞ ఆగిపోయింది. తప్పు చెప్పానని ఆ పిల్లకు తెలుసు. తల్లి మొహంలోకి చూసింది, పుస్తకం వైపు చూసింది, మళ్ళీ తల్లి వైపు చూసింది. ఇన్నాళ్ళూ ఆ పిల్లకు ఉన్న ఒకే ఒక ఆధారం ఆ ఊఁ. ఇప్పుడు అది కూడా పోయింది. తప్పుకూ ఒప్పుకూ ఒకటే చప్పుడైతే పిల్ల దేన్ని పట్టుకుని నిలబడాలి? వెనక్కి కట్టుకున్న చేతులు నలుపుకుంటూ "మొదట్నుంచి చెప్పనా అమ్మా?" అంది. చెప్పింది. ఎవరూ అడగకుండానే మళ్ళీ చెప్పింది. గొంతు ఎండిపోయి దగ్గు వచ్చేదాకా చెప్పింది.

రజితకు తన శాస్త్రమే తన ఎదురుగా నిలబడి వెక్కిరించినట్టు అనిపించింది.

రాత్రి పిల్ల పడుకున్నాక సంపత్‌కు అంతా చెప్పింది. అతను అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నాకెప్పటినుంచో తెల్సు," అన్నాడు.

"మరి చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు అర్సవు, కొట్లాడవు. ఏం మాట్లాడకుంట కూసుంటవు. గట్ల కూసుంటే నాక్కూడ భయమే రజితా."

ఇల్లు నెమ్మదిగా ఉందనుకుంది రజిత ఇన్నేళ్ళూ. అందరూ ఊపిరి బిగబట్టుకుని ఉన్నారన్నమాట.

మర్నాడు ఆమె చేసిన పని చెప్పడానికే నాకు మనసొప్పడం లేదు, కానీ చెప్పాలి. పిల్లల మీద మీట నొక్కడానికి అంతకుముందే అనుమతి వచ్చి ఉంది. తల్లో తండ్రో ఒప్పుకుంటే చాలు. రజిత ఫర్హానాను పిలిచి, మొదట పికిలిపిట్టతో మొదలుపెడదాం, తల్లిగా నేను ఒప్పుకుంటున్నాను అంది.

"మేడమ్, ఆ ఇంటి సంగతి ముందు చూడాలని మీరే అన్నారు గదా," అంది ఫర్హానా మెల్లగా.

"పిల్ల బాధపడుతుంటే చూస్తూ కూర్చోమంటావా?"

ఎంత చక్కటి మాట. పిల్ల బాధ పోవాలని ఆమెకు నిజంగానే ఉంది. ఆ గీత చదునైపోతే తన మొహం తను చూసుకోవచ్చని కూడా ఉంది. రెండింటిలో ఏది ఎక్కువో ఆమె తూచి చూసుకోలేదు, చూసుకునే ధైర్యం లేక.

ఆ సాయంత్రం అభిజ్ఞ ఎప్పటిలాగే పట్టీ పెట్టుకుని ఎదురుగా నిలబడ్డాక, రజిత పరిశోధనశాలనుంచి తెచ్చిన చిన్న పెట్టె మీద మీట నొక్కింది.

మొదట భుజాలు దిగాయి. అవి అంత పైకి బిగుసుకుని ఉంటాయని దిగేదాకా తల్లికే తెలియదు. వెనక కట్టుకున్న చేతులు విడిపోయాయి. అభిజ్ఞ ఇటూ అటూ చూసి, నిలబడ్డం విసుగనిపించినట్టు, వచ్చి తల్లి ఒడిలో కూలబడింది. ఐదో తరగతి పిల్ల, కాళ్ళు గడప దాటి బయటికి వచ్చాయి.

"గోదావరి ఉపనదులు మంజీర, ప్రాణహిత, మూసీ," అంది. అని కిలకిలా నవ్వింది. "చూసినవా, మళ్ళ మూసీని గోదాట్ల కలిపిన. ప్రతిసారి గట్లనే చేస్త."

రజిత చేతులు గాలిలో ఆగిపోయాయి. తర్వాత పిల్ల చుట్టూ వేసుకుంది. జుట్టులో కొబ్బరినూనె వాసన, చెమట వాసన. ఎన్నాళ్ళయిందో ఈ పిల్ల ఇలా తన మీద బరువు మోపి.

"అమ్మా, నీకో ముచ్చట చెప్పాల్నా?"

"చెప్పు బిడ్డా."

"నువ్వంటే నాకు మస్తు భయం తెల్సా. నువ్వు ఊఁ అనకపోతే కడుపుల తిప్పుతది. బడినుంచి వచ్చేటప్పుడు ఆటోలనే మొదలైతది. ఒకసారి బాత్రూముల వాంతి కూడ చేసుకున్న. నానకు చెప్తే నీకు చెప్పొద్దన్నడు." ఇదంతా సెలవుల్లో చూసిన జాతర ముచ్చట చెప్పినంత హుషారుగా చెప్పింది. భయం పేరు చెబుతున్నది కానీ ఆ పిల్ల ఒంట్లో భయం లేదు. "నువ్వు కొడ్తే మంచిగుండు. మా క్లాసుల సౌమ్యను వాళ్ళమ్మ కొడ్తది. కొట్టినంక దగ్గరికి తీసుకుంటదంట."

రజిత కళ్ళలోంచి నీళ్ళు ధారలు కట్టాయి. చప్పుడు కాకుండా ఏడ్చింది, అది ఆమెకు అలవాటే. పిల్ల తల్లి గాజులు తిప్పుతూ బడి కబుర్లు, టీచరు చీర కబుర్లు చెబుతూనే ఉంది. భయం అడ్డు లేకపోతే తన బిడ్డ తనతో ఇలా ఉండేదన్నమాట. ఇన్నేళ్ళూ ఇంట్లో ఉన్నది ఈ పిల్ల కాదు. ఈ పిల్ల రాకుండా తలుపు వేసింది తనే.

అరగంట ఎంతసేపని. గాజులు తిప్పుతున్న వేళ్ళు ఆగాయి. ఒడిలో బరువు తేలికైంది, పిల్ల తనను తాను కొంచెం పైకి లేపుకుని కూర్చుంది. తర్వాత లేచి నిలబడింది. తానేం అన్నదో ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టు మొహంలో రక్తం ఇంకిపోయింది. రెండడుగులు వెనక్కి వేసి చేతులు వెనక్కి కట్టుకుంది.

"ఊర్కనే అన్న అమ్మా. అబద్ధం," అంది. "గోదావరి ఉపనదులు మళ్ళ చెప్త."

వద్దని రజిత అనేలోపే మొదలుపెట్టింది. ఈసారి ఒక్క తప్పు కూడా లేదు.

సోమవారం సమావేశంలో ఆ గీతను తెరమీద వేశారు. కొండలా లేచిన గుబులు, మీట నొక్కిన చోట కత్తితో కోసినట్టు పడిపోయి నేలబారుగా సాగింది. గదిలో చప్పట్లు మోగాయి. దామోదర్ గారి సంతోషానికి పట్టపగ్గాలు లేవు.

"ఇగ అధికారులు, కేసులు ఎందుకండి? ఇల్లు ఎట్లున్నా పిల్ల హాయిగ ఉంటది," అన్నారాయన.

ఆయన చెడ్డవాడు కాదు, మంచి మాట అన్నానే అనుకున్నారు. ఆ మాట వింటుంటే రజితకు ఒళ్ళంతా తేళ్ళు పాకినట్టయింది. ఇల్లు ఎట్లున్నా. తను మొన్న మీట నొక్కినప్పుడు అనుకున్నదీ అదే, ఇంత విడమరిచి అనుకోలేదంతే. రేపు ఊరూరా ఇళ్ళల్లో, బళ్ళల్లో మీటలు నొక్కుతారు. ఎదురుగా నిలబడ్డవాళ్ళు ఎలా ఉన్నా ఉండవచ్చు, పిల్లలు నవ్వుతూ ఒప్పచెబుతారు.

ఆమె లేచింది. కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

"ఆ ఇల్లు మాది సార్. పికిలిపిట్ట మా అమ్మాయి. ఎదురుగా ఉన్నది నేను."

చప్పట్లు కొట్టిన చేతులు ఎక్కడివక్కడ ఉండిపోయాయి. ఎవరూ ఆమె వైపు చూడలేదు. కొందరు తెరను, కొందరు చెప్పులను చూసుకున్నారు. ఇప్పుడు వీళ్ళేమంటారో, అసలేమైనా అంటారో అనరో తెలియక ఆమె అలా నిలబడే ఉంది. కడుపులో తిప్పింది.

"పిల్లల మీద మీట నొక్కొద్దు," అంది చివరికి. "నా పేరుతోనే రాయండి, ఎందుకు వద్దో. నేను పోయినవారం చెప్పమన్న అధికారులకు కూడా చెప్పండి. వాళ్ళు వస్తే నేనే మాట్లాడతాను."

బయటికి వస్తుంటే ఫర్హానా వెనకాలే వచ్చి మంచినీళ్ళ గ్లాసు అందించింది. రజిత తాగలేకపోయింది.

ఇంటికి వచ్చేసరికి సాయంత్రమైంది. ఈ రోజునుంచి పీట వెయ్యకూడదని, ఒప్పచెప్పమని అడగకూడదని దారంతా అనుకుంటూ వచ్చింది. వేయాల్సిన పని లేకపోయింది. గడప దగ్గర పీట అప్పటికే వేసి ఉంది. పక్కన పుస్తకం ఉంది. ఎదురుగా అభిజ్ఞ నిలబడి ఉంది, తలకు పట్టీ పెట్టుకుని. తొందరలో పెట్టుకున్నట్టుంది, ఒక చెవి మీదకు వంకరగా జారింది. మీట ఉండే పెట్టెను రజిత పరిశోధనశాలకు తిరిగి తీసుకెళ్ళిపోయింది, కాబట్టి అది ఉత్త పట్టీ.

రజిత చెప్పులు విడిచి, పీట పక్కకు జరిపి, నేల మీద కూర్చుంది.

"ఇదెందుకు పెట్టుకున్నవురా?"

అభిజ్ఞ జవాబు ఒప్పో తప్పో తేల్చుకుంటున్నట్టు కాసేపు ఆలోచించింది.

"ఇది పెట్టుకుంటే నువ్వు మంచిగుంటవు గదమ్మా," అంది.

మీట పనిచేసింది అమ్మ మీద కాదని, తన మీదేనని ఆ పిల్లకు తెలియదు. ఆ అరగంటలో మారింది అమ్మేననుకుంది. ఒడిలోకి తీసుకున్న అమ్మ, చేతులు చుట్టూ వేసిన అమ్మ, చెప్పింది విన్న అమ్మ. ఆ అమ్మ మళ్ళీ కావాలని అల్మరాలో వెతికి పట్టీ తెచ్చి పెట్టుకుంది.

"అది ఇప్పుడు పనిచెయ్యదు బిడ్డా. దానితోని మనకు పని లేదు. నేనే మంచిగుంట. నిన్ను గట్ల నిలబెట్టింది నా తప్పు."

నిజమో కాదో తేల్చుకోవడానికి ఆ పిల్ల దగ్గర ఏ ఆధారమూ లేదు, ఉన్న ఒక్క ఊఁను తల్లే పాడుచేసింది. అభిజ్ఞ చేయి ఎత్తి పట్టీని చెవి మీదనుంచి సరిగ్గా జరుపుకుని, మరికాస్త గట్టిగా అదుముకుంది. తర్వాత మెల్లగా వచ్చి, ఒడిలో కాదు, పక్కన, మోకాలు తగిలీ తగలనట్టు కూర్చుంది.

తీసెయ్ బిడ్డా అని రజిత నోటిదాకా వచ్చింది. మింగేసింది. అన్నం తినేటప్పుడు కూడా అభిజ్ఞ ఆ పట్టీ తీయలేదు.